బ్యాటరీ మార్చాక కారు కదల్లేదు

ఎప్పుడూ మిరప సంగతులు రాసేవాణ్ణి, ఇవాళ కారు సంగతి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళు ఓపిగ్గా చివరిదాకా చదవండి. మీకు మూడు నాలుగు వేలు మిగలొచ్చు. నాకైతే పోయినయ్.

నా దగ్గర 2004 మోడల్ మారుతీ 800 ఉంది. ఆరేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్నప్పుడు షోకుకే కొన్నాననుకోండి. రెండేళ్ళ నుంచి మాత్రం అది మా అమ్మ బండి. ఆమెకి కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడు రోజులు నరసరావుపేట తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. పొద్దున్నే ఆరు గంటలకి మిషన్ ఎక్కాలి, నాలుగు గంటలు ఉండాలి. అందుకని ఆ మూడు రోజులు నేను నాలుగున్నరకే లేస్తాను.

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ పొద్దున పూట సెల్ఫ్ బరువుగా తిరగటం మొదలైంది. ఊఁ... ఊఁ... అని మూలిగి, ఇక ఆగిపోద్దేమో అనుకునేలోపు అందుకునేది. టీ కొట్టు దగ్గర చెప్తే నలుగురూ ఒకటే మాట, బ్యాటరీ పోయిందని. అది వేసి నాలుగేళ్ళు అయింది కాబట్టి నాకూ నిజమే అనిపించింది. ఒక్కరం కూడా బానెట్ ఎత్తి చూడలేదు.

ఒక మంగళవారం సాయంత్రం టౌన్లో కొత్తది వేయించాను. పాతది వాళ్ళకిచ్చి, పైన 3,600 కట్టాను. షాపులో కుర్రాడు పది నిమిషాల్లో బిగించాడు. ఇంటికొచ్చేదాకా బండి బ్రహ్మాండంగా ఉంది. పాకలో పెట్టి పడుకున్నాను.

బుధవారం పొద్దున ఐదింటికి అమ్మని ఎక్కించి తాళం తిప్పాను. టక్ అని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పాను, మళ్ళీ టక్. లైట్లు చూస్తే దేదీప్యంగా వెలుగుతున్నయ్. హారన్ కొడితే వీధి కుక్కలన్నీ లేచినయ్. తోసి స్టార్ట్ చేద్దామంటే బండి ముక్కు గోడ వైపు ఉంది, వెనకాల మిరపకాయల టిక్కీలు పేర్చి ఉన్నయ్. పక్కవీధి ఆటో అతన్ని నిద్రలేపి బయల్దేరేసరికి ఆరు కావస్తోంది. ఆస్పత్రికి చేరేసరికి ముప్పావుగంట ఆలస్యం. అమ్మ తర్వాత అదే మిషన్ మీద ఇంకొకాయన ఉన్నాడు. ఆయన కూడా ఎవరికో నాన్నే కదా. దాంతో అమ్మని మూడు గంటలకే దించారు. ఆ రాత్రి ఆమెకి ఆయాసం వచ్చింది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంది. నేనూ మా ఆవిడా పక్కనే కూర్చున్నాం.

దానికి ముందు జరిగింది కూడా చెప్పాలి. ఆస్పత్రి వరండాలో నుంచే ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. "నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ళకీ నీకూ తేడా ఏందయ్యా" అన్నాను. చుట్టూ జనం ఉన్నారు. ఫోన్లో అవతల షాపులో కూడా ఉండే ఉంటారు. అతను మాత్రం "బాబాయ్, మధ్యాహ్నం నేనే వస్తా, మీరు ఏమీ కదపమాకండి" అన్నాడు.

వచ్చాడు. ఎండలో బైకు మీద, సంచిలో మీటరూ రెండు జంపర్ వైర్లూ వేసుకుని. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. పొద్దున మాట ఎత్తలేదు.

ముందు బ్యాటరీ మీద మీటర్ పెట్టాడు. 12.6 వోల్టులు. నిండుగా ఉందన్నమాట. తర్వాత నన్ను హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నాడు. టక్. "బాబాయ్, లైట్లు చూశారా? మసకబారలేదు" అన్నాడు. తాళం తిప్పినప్పుడు లైట్లు బాగా డల్ అయిపోతే బ్యాటరీ దిగిపోయిందనో, బ్యాటరీ టెర్మినల్ దగ్గరే లూజు ఉందనో అనుకోవాలంట. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారు కరెంటు లాగటమే లేదని అర్థం. అంటే సెల్ఫ్ అన్నా పోయి ఉండాలి, దారిలో వైరన్నా పోయి ఉండాలి.

ఆ తర్వాత మీటర్ వైరు ఒకటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది గేర్‌బాక్స్ ఇనుము మీద ఆనించి, మళ్ళీ తిప్పమన్నాడు. అక్కడ అర వోల్టు కూడా చూపించకూడదంట. ఏడు దాటింది. జంపర్ వైరు తీసుకుని మైనస్ నుంచి నేరుగా ఇంజనుకి కలిపాడు. ఈసారి తాళం తిప్పీ తిప్పగానే అందుకుంది. నా మొహం మాడిపోయింది.

దొంగ బ్యాటరీ కాదు, ఎర్త్ వైరు. గేర్‌బాక్స్ బోల్టు దగ్గర దాని పై తొడుగు కోసి చూపించాడు. లోపల రాగి అంతా పచ్చటి చిలుము. పోగులు చాలావరకు తెగిపోయి నాలుగైదు మిగిలినయ్. లైట్లకి వేరే ఎర్త్ బాడీకి ఉంది కాబట్టి అవి బాగానే వెలిగినయ్. ముందురోజు బ్యాటరీ మార్చేటప్పుడు వైరుని అటూ ఇటూ వంచారు కదా, అప్పుడు మిగిలిన పోగులు కూడా చాలావరకు తెగి ఉంటాయి. సంక్రాంతి నుంచి సెల్ఫ్ బరువుగా తిరిగింది కూడా దీనివల్లే అయి ఉండాలి. అంటే నా పాత బ్యాటరీ బాగానే ఉందేమో. తెలుసుకుందామంటే అది అప్పటికే తుక్కు బండిలో వెళ్ళిపోయింది.

నేను ఇంటర్ ఎంపీసీ. ఓమ్ నియమం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కరెంటుని నిరోధంతో గుణిస్తే దారిలో పోయే వోల్టేజి వస్తుంది. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుద్ది. చిలుము పట్టినచోట ఓమ్‌లో ఇరవయ్యో వంతు అడ్డం ఉన్నా అక్కడే ఐదు వోల్టులు పోతయ్. పన్నెండులో ఐదు పోతే ఇంకేం తిరుగుద్ది? అదే చోటు నుంచి పది ఆంపియర్లే పోతే అర వోల్టే తగ్గుద్ది, ఎవరికీ తెలియదు. మన బోరు దగ్గర చూస్తూనే ఉంటాం కదా, సన్న వైరు మీద బల్బు వెలుగుద్ది గానీ మోటారు మూలుగుద్ది. రోజూ కళ్ళ ముందు ఉండే సంగతే, కారు దగ్గర గుర్తుకి రాలేదు.

కొత్త ఎర్త్ వైరు 250 రూపాయలు. అతనే మళ్ళీ టౌనుకెళ్ళి తెచ్చి వేశాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఆ వైరు నేను నిన్ననే చూడాల్సింది బాబాయ్" అన్నాడు. నాకు ఇంకా సిగ్గేసింది. పొద్దున అన్నమాట తప్పయ్యా అని చెప్పాను. పర్లేదన్నాడు. ఫోన్లో అరిచింది నలుగురిలో, తప్పు ఒప్పుకుంది మా పాకలో ఇద్దరి మధ్య. అందుకే ఇక్కడ మీ అందరి ముందూ మళ్ళీ రాస్తున్నాను.

రాత్రి గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మకి ఇదంతా చెప్పాను. ఆయాసంలోనే అంది, "మీ నాన్న ఎద్దు కదలకపోతే ముందు కాడి చూసేవాడురా, పలుపు చూసేవాడు, మెడ మీద పుండేమన్నా ఉందేమో చూసేవాడు. ఆ తర్వాతే ముల్లుగర్ర." నేను ఏమీ మాట్లాడలేదు.

నకిలీ విత్తనాలు, నకిలీ మందులు కొని కొని మనకి ముందు అనుమానమే వస్తుంది. అందులో మన తప్పు లేదు. కానీ అనుమానపడ్డాక చూసుకోవటం కూడా ఉండాలి కదా. ఆకు ముడిస్తే పైముడతో కిందిముడతో తిప్పి చూడకుండా మందు కొట్టటం ఎంతో, ఇదీ అంతే.

పాత బండ్లున్నవాళ్ళకి నాలుగు మాటలు. సెల్ఫ్ బరువెక్కితే బ్యాటరీ కొనే ముందు దాని రెండు టెర్మినళ్ళు చేత్తో తిప్పి చూడండి, కదిలితే లూజు. కొత్త బ్యాటరీ పోస్టులు సన్నగా ఉండి పాత క్లిప్పు బిగుసుకోకపోతే మధ్యలో మేకు కొట్టనివ్వొద్దు, సరిపడే క్లిప్పు వేయించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు విప్పాలి, పెట్టేటప్పుడు మైనస్ ఆఖర్న పెట్టాలి. లేకపోతే ప్లస్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలి నిప్పులు రేగుతయ్. తెల్లపొడి ఉంటే వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, బిగించిన తర్వాత పైన వాజెలిన్ రాయండి. ఎర్త్ వైరు రెండు చివరలూ వంచి చూడండి. తాళం మాత్రం పది సెకన్లకి మించి పట్టి ఉంచొద్దు.

శుక్రవారం పొద్దున ఐదింటికి తాళం తిప్పాను. మొదటి దెబ్బకే అందుకుంది. వెనక సీట్లో అమ్మ "పద" అంది. ఆ రోజు నాలుగు గంటలూ పూర్తిగా అయింది.

ఇప్పుడు బండిని పాకలో వెనక్కి పెట్టి ఆపుతున్నాను, ముక్కు వీధి వైపు. టిక్కీలు వేరేచోటికి మార్చాను. మీ బండ్లకి ఇట్లాంటిది ఏమన్నా జరిగి ఉంటే రాయండి, నలుగురికీ పనికొస్తుంది.