కినత్తుకడవు టమాటా, నాయుడుగారి యంత్రం

కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి వెళ్లే దారిలో, పొన్మలై కొండమీద వేలాయుధస్వామి కొలువైన ఊరు కినత్తుకడవు. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్న ప్రాంతమిది. ఇక్కడి సంతనుంచి టమాటాలు కేరళకు లారీలమీద పోతాయి. ధర పడిపోతే కోతకూలి కూడా గిట్టదు. బ్యాంకులో రైతుల అప్పుల లెక్కలు చూసినవాణ్ణి గనుక ఆ బాధ నాకు తెలుసు.

పండు నాలుగు రోజులే నిలుస్తుంది. రసం తీసి, మరగబెట్టి, వేడిమీదే శుభ్రమైన సీసాల్లో పోసి బిగిస్తే మరికొంతకాలం ఆగుతుంది. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన మన జి.డి. నాయుడుగారు పళ్లరసం తీసే యంత్రాన్ని కూడా రూపొందించారు. ఇప్పుడు జ్యూసర్ మన వంటింటి వస్తువే. ధర పడిన వారం మనమూ రెండు కిలోలు ఎక్కువ కొందాం.