బసవన్నకు దాహం

అనంతపురం నుంచి వేసవి సెలవులలో మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి లేపాక్షి చూపించడానికి బయలుదేరాము. హిందూపురానికి తూర్పున 15 కిలోమీటర్లు. పిల్ల దారి పొడుగునా ఎండిన చెరువులు లెక్కపెడుతూ వచ్చింది.

16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలాన విరూపణ్ణ కట్టించిన గుడి అది. వేలాడే స్తంభం కింద చేతిరుమాలు ఈవైపు దూర్చి ఆవైపు లాగి కేరింతలు కొట్టింది.

27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది ఎదుట నేను శిల్పుల నేర్పు వర్ణిస్తూంటే, మధ్యలోనే అడిగింది:

"నాన్నా, ఇంత పెద్ద బసవన్న నీళ్ళెక్కడ తాగుతాడు?"

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. పాఠాలు చెప్పుకునే నాకు జవాబు తోచలేదు. వాళ్ళమ్మ తాగమని దోసిట్లో పోసిన నీళ్ళను పిల్ల నంది ముందర వదిలింది. నేల క్షణంలో పీల్చేసింది.

తిరుగుదారిలో చెరువులు లెక్కపెట్టలేదు. మబ్బుల కోసం చూస్తూ కూర్చుంది.