వినబడుతుంది, మాటే తెలియదు

చెవి సమస్యతో వచ్చే పెద్దవాళ్లలో చాలామంది "వినబడటం లేదు" అనరు. "వినబడుతుంది డాక్టరుగారూ, మాటే తెలియడం లేదు" అంటారు. పక్కన కూర్చున్న కొడుకో కోడలో వెంటనే అందుకుని, ఆయనకు కావలసినవి మాత్రం బాగానే వినిపిస్తాయని చెబుతారు. ఇంట్లో ఈ అనుమానానికి ఆధారాలూ దొరుకుతాయి. కొడుకు మాటకు బదులిస్తారు, కోడలు మాట్లాడితే పలకరు. మెల్లగా చెబితే "ఆఁ?" అంటారు, కాస్త గొంతు పెంచితే "ఎందుకలా అరుస్తావు" అని విసుక్కుంటారు. వీధి తలుపు చప్పుడు వింటారు, మనవరాలు అడిగింది మాత్రం అర్థం కాదంటారు. ఇవన్నీ కలిపి చూసిన కుటుంబానికి అది మొండితనంగానో, మతి తప్పడంగానో తోస్తుంది. నా అభిప్రాయం వేరు. రోగి చెప్పింది అక్షరాలా నిజం. చెవి నిర్మాణం తెలిస్తే, ఆ ఒక్క వాక్యంతోనే జబ్బు ఎక్కడుందో సగం తేలిపోతుంది.

బయటి చెవి, మధ్య చెవి చేసే పని ఒకరకంగా సాదా ఇంజనీరింగే. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా లోపలి చెవిలోని ద్రవాన్ని తాకితే అందులో వెయ్యోవంతు శక్తి మాత్రమే లోపలికి పోతుంది, తక్కినదంతా వెనక్కి తిరుగుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికే కర్ణభేరి, దాని వెనక కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు ఉన్నాయి. కర్ణభేరిలో కదిలే భాగం, అంకవన్నె ఆనుకునే కిటికీకి సుమారు 17 రెట్లు పెద్దది. ఎముకలు మీటలా పనిచేయడం వల్ల వచ్చే లాభం కూడా కలిపితే ఒత్తిడి ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. గులిమి అడ్డుపడినా, చీము కారి కర్ణభేరికి చిల్లు పడినా, అంకవన్నె బిగుసుకుపోయినా పోయేది ఈ పెంపే. అలాంటివాళ్లకు శబ్దం తగ్గుతుందే తప్ప చెదరదు. గట్టిగా మాట్లాడితే మాట శుభ్రంగా తెలుస్తుంది. శబ్దం చాలినంత ఉన్నా మాట తెలియకపోవడం లోపలి చెవి కథ.

లోపలి చెవిలోని కోక్లియా రెండున్నర చుట్లు తిరిగిన సన్నని గొట్టం, చాపితే పొడవు 35 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దాని పొడవునా పరుచుకున్న పొర మొదట్లో ఇరుకుగా, బిగువుగా ఉండి, పోనుపోను వెడల్పై మెత్తబడుతుంది. అందుకే కీచు శబ్దాలకు మొదటి భాగం, బొంగురు శబ్దాలకు చివరి భాగం ఎక్కువగా ఊగుతాయి. శవాల చెవుల్లో ఈ అలను చూసి నిరూపించిన గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. చిక్కేమిటంటే, ఆయన చూసిన అల మరీ వెడల్పైనది. పక్కపక్కనే ఉన్న రెండు స్వరాలను మనిషి చెవి అంత నిశితంగా ఎలా విడదీస్తుందో దానితో తేలలేదు. చెవి తనే శబ్దానికి బలం కలుపుతుండాలని థామస్ గోల్డ్ 1948లోనే అన్నాడు గానీ పట్టించుకున్నవాళ్లు లేరు. 1978లో డేవిడ్ కెంప్ చెవి రంధ్రంలో మైక్రోఫోన్ ఉంచి, చెవిలోంచి శబ్దం బయటికి రావడాన్ని నమోదు చేశాడు. పసిబిడ్డలకు ఇప్పుడు నిద్రలోనే చేసే ఓఏఈ వినికిడి పరీక్షకు మూలం అదే. 1985లో విలియం బ్రౌనెల్ బృందం, విద్యుత్తుకు స్పందించి, ఆ పొర మీద వరసలుగా ఉండే రోమకణాల్లో బయటి వరసలవి పొట్టిగా పొడుగ్గా మారడం చూపించింది. బెకెషీ చూసిన శవాల చెవుల్లో లేనిది ఇదే. మెదడుకు కబురు పంపేవి లోపలి వరసలోని దాదాపు 3,500 రోమకణాలు. బయటి వరసల్లో ఉండే 12,000 కణాల పని వేరు. ఊయలను సరిగ్గా అది వెనక్కి వచ్చిన క్షణంలో తోసినట్టు, అవి పొర కదలికకు ఊపునిస్తాయి. మెల్లని శబ్దాలను 40, 50 డెసిబెల్స్ దాకా పెంచుతాయి. పెద్ద శబ్దాల జోలికి పెద్దగా పోవు.

రోమకణాల్లో ముందు దెబ్బతినేవి ఈ బయటి కణాలే, అదీ కోక్లియా మొదటి చుట్టులో, కీచు శబ్దాల చోట. సిరిసిల్ల మరమగ్గాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవారు, మందులకు లొంగని క్షయకు అమికాసిన్, కనామైసిన్ ఇంజెక్షన్లు వాడినవారు, కేవలం వయసు మీదపడినవారు: ముగ్గురి కథా దాదాపు ఒకటే. మోత దెబ్బకు 4,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట ముందుగా కనిపిస్తుంది, అంతే తేడా. తక్కిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) గీత ముగ్గురిలోనూ ఎడమవైపు, అంటే బొంగురు శబ్దాల దగ్గర, బాగానే ఉండి, కీచు శబ్దాలుండే కుడివైపుకు జారిపోతుంది. ఓపీలో 512 హెర్ట్జ్ శృతిదండం మోగిస్తే వీళ్లు చక్కగా వింటారు కూడా. అది చూసి చెవి బాగానే ఉందనేస్తే వైద్యుడు కూడా ఇంటివాళ్ల పక్షం చేరినట్టే. కోళ్లలో ఈ కణాలు పోతే మళ్లీ పుడతాయి. మనకా అదృష్టం లేదు.

ఇప్పుడు మాట సంగతి. మాటలో బిగ్గరగా వినబడేవి అచ్చులు, వాటి బలం ఎక్కువగా 1,000 హెర్ట్జ్ లోపే ఉంటుంది. క, త, ప లను ఒకదాన్నుంచి ఒకటి విడదీసే గుర్తులు చాలావరకు అంతకంటే పైన, క్షణికంగా, బలహీనంగా ఉంటాయి. స, శ ల బుస ఇంకా పైన ఉంటుంది. తెలుగు అజంత భాష. పదం చివర అచ్చు మోగుతుంది కాబట్టి మాట మొత్తం చెవిలో పడ్డట్టే ఉంటుంది. పప్పు, తప్పు, కప్పు తీసుకోండి. మూడింటి అచ్చులూ, ఒత్తూ, లయా ఒకటే. ఆ గుర్తులు అందని చెవికి మూడూ ఒకటే పదం. కోడలి గొంతు విషయమూ ఇంతే. ఆడవాళ్ల గొంతులోనూ, పిల్లల గొంతులోనూ కింది పౌనఃపున్యాల బలం తక్కువ. పైగా మన ఇళ్లలో కోడలు చాలాసార్లు వంటింట్లోంచి, అటు తిరిగి, కుక్కర్ కూతల మధ్య మాట్లాడుతుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని బొంగురు గొంతుతో మాట్లాడే కొడుకుతో ఆమెను పోల్చడం న్యాయం కాదు.

మరి గొంతు పెంచితే ఎందుకు విసుక్కుంటారు? బయటి రోమకణాలు పోతే మెల్లని శబ్దాలకే సాయం పోతుంది. పెద్ద శబ్దాలు మాత్రం మామూలు చెవికి వినబడినంత పెద్దగానే వినబడతాయి. వినబడని చోటుకీ భరించలేని చోటుకీ మధ్య జాగా ఇరుకైపోతుంది. అరవడం వల్ల అచ్చులే ఉబ్బుతాయి, హల్లులు వాటి కింద నలిగిపోతాయి. ఆయన కోరేది స్పష్టత, మనం ఇచ్చేది మోత.

ఇదంతా చెవి తప్పే అయితే, మెదడు పాత్ర లేదా అని అడగవచ్చు. ఉంది. కబుర్ల వేగాన్ని అందుకోవడంలో ముసలి మెదడు వెనకబడుతుంది, నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు మరీనూ. కొందరి ఆడియోగ్రామ్ బాగుండీ సందడిలో మాట అందకపోవడానికి రోమకణానికీ నాడికీ మధ్య బంధాలు తెగిపోవడం కారణం కావచ్చు. ఎలుకలకు మోత వినిపించి, తాత్కాలిక చెవుడు పూర్తిగా తగ్గిన తర్వాత కూడా అలాంటి బంధాలు సగం దాకా పోయి ఉండటాన్ని కుజావా, లీబర్‌మన్ 2009లో చూపించారు. అయినా వాదన మారదు. కబురు సగమే అందినప్పుడు, అందుకున్న మెదడుది మొద్దుతనం అనడం తొందరపాటు. వినికిడి మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదని అమ్మేవాళ్లు చెప్పేదాన్ని కూడా నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. 2023లో వెలువడిన ఎచీవ్ అధ్యయనంలో మొత్తం మీద మూడేళ్లలో తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న ఉపవర్గంలో మాత్రం క్షీణత నెమ్మదించింది.

అసలు గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది: శబ్దం పెంచితే లాభం లేనప్పుడు మిషన్ ఎందుకు? బల్ల సొరుగుల్లో పడి ఉన్న మిషన్లు ఈ ప్రశ్నకు బలం చేకూరుస్తాయి. వాటిలో చాలావరకు పరీక్ష లేకుండా కొన్నవి. అవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి, అంటే అరిచే కొడుకు చేసే పనే చేస్తాయి. ఆడియోగ్రామ్ ప్రకారం అమర్చిన డిజిటల్ మిషన్ లోపం ఉన్న పౌనఃపున్యాలనే పెంచుతుంది, మెల్లని శబ్దాలను ఎక్కువగా, పెద్దవాటిని తక్కువగా పెంచుతుంది. పోయిన రోమకణాల పనిని మొరటుగా అనుకరించడం అది. పొర నిశితత్వాన్ని అది తిరిగి తేలేదు, అందుకే పెళ్లిపందిట్లో ఎంత మంచి మిషనైనా తడబడుతుంది. తీసుకున్న వారానికే నచ్చలేదంటే, ఏళ్లుగా వినని హల్లులకు మెదడు అలవాటుపడటానికి ఆ సమయం చాలదు. నెలలు కావాలి, మధ్యలో ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లి సరిచేయించుకోవాలి.

మిషన్ ఉన్నా లేకపోయినా, ఇంటివాళ్ల చేతిలో ఉన్న పని ఇంకొంత ఉంది. దూరం సగం చేస్తే, గోడల ప్రతిధ్వని లేనిచోట, గొంతు పెంచకుండానే 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. ముఖం కనబడితే ప అన్నప్పుడు మూసుకునే పెదవులు కనబడతాయి, చెవికి అందనిది కంటికి అందుతుంది. అర్థం కాని మాటను అదే మాటగా నాలుగుసార్లు అనడం వల్ల ఒరిగేది తక్కువ. పప్పు అంటే తెలియనప్పుడు కందిపప్పు అనాలి.