తొమ్మిది వేల ఆటలు

పాత వస్తువు కొనడం మన పల్లె కుటుంబాలకు చిన్నతనం కాదు. పాత సైకిలు, పాత కుట్టుమిషను, పై తరగతి పిల్లలు చదివిన పుస్తకాలు కొనుక్కొని పెరిగినవారమే మనలో చాలామందిమి. అయితే సైకిలును తొక్కి చూస్తాము. కుట్టుమిషనుకు దారం ఎక్కించి చూస్తాము. మరి వీడియో గేమును ఏమి చూసి కొనాలి? ఈ ప్రశ్న మాకు విజయనగరంలో ఎదురైంది.

మా సంఘంలో పన్నెండేళ్ళ బాలుడొకడు ఉన్నాడు. తండ్రి హైదరాబాదులో భవన నిర్మాణపు పని చేసుకుంటూ సంక్రాంతికొకసారి, వేసవిలోనొకసారి ఇంటికి వస్తాడు. వచ్చినా తండ్రీకొడుకులకు మాటలు తక్కువ. క్రితం వేసవిలో ఆయన, తాను చిన్నప్పుడు పక్కింటి టీవీ ముందు మారియో ఆట, తుపాకితో బాతులను కొట్టే ఆట ఆడేవాడినని చెప్పాడట. ఆ మాట పిల్లవాడి మనసులో నాటుకుంది. అమ్మమ్మగారి తోటలో జీడిపిక్కలు ఏరినందుకు ఇచ్చిన డబ్బు దాచి ఎనిమిది వందలు చేశాడు. "నాన్న వచ్చేసరికి ఇంట్లో ఉండాల, అయ్యగారూ" అన్నాడు. డిసెంబరులో ఒక శనివారం వాడిని వెంటబెట్టుకొని బస్సెక్కాము.

ఈ ఆటలు చేసిన నింటెండో 1889లో జపానులోని క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైన సంస్థ. అది 1983లో ఫ్యామికామ్ అనే ఆటల యంత్రాన్ని, 1985లో మారియో ఆటను విడుదల చేసింది. దానికి నకలుగా వచ్చిన యంత్రాలే 1990ల నాటికి మన ఊళ్ళలోకీ చేరాయి.

దుకాణంలో పాత ఫోన్లు, రిమోట్ల మధ్య అలాంటి యంత్రమే ఒకటి ఉంది. క్యాసెట్టు మీద "9999 ఆటలు" అని అచ్చువేసి ఉంది. అబ్బాయి కళ్ళు మెరిశాయి. యజమాని మొదట చూపించనన్నాడు. రెండుమూడుసార్లు అడిగాక విసుక్కుంటూ టీవీకి తగిలించాడు. తొమ్మిది పేర్లు దాటగానే పదో పేరు మళ్ళీ మొదటి ఆటే! "ఏటయ్యగారూ, తొమ్మిదివేలని తొమ్మిదే ఉన్నాయి!" అన్నాడు వాడు. మారియో నడుస్తున్నాడు కాని, మీట ఇరుక్కుపోయి గెంతడం లేదు. తుపాకి ఎన్నిసార్లు పేల్చినా ఒక్క బాతూ పడలేదు. ధర పదిహేను వందలు, వాపసు లేదు అన్నాడాయన. వాడు నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు, మాతో మాటాడలేదు.

తుపాకి పనిచేయకపోవడానికి కారణం ఉంది. అందులోంచి ఏమీ వెలువడదు, వెలుగును పసిగట్టే చిన్న కన్ను మాత్రం ఉంటుంది. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని గడి మెరుస్తుంది. ఆ తెలుపు కన్నుకు కనబడితే గురి తగిలినట్టు. పాత డబ్బా టీవీ ఆ బొమ్మను వెంటనే గీసేది. ఇప్పటి పలక టీవీలో బొమ్మ తెరమీదికి రావడం రవ్వంత ఆలస్యమవుతుంది. అప్పటికే యంత్రం వెదకడం ముగించేస్తుంది.

కనుక కొనదలచిన తల్లిదండ్రులు మీటలన్నీ నొక్కి చూడండి. ఆటలను మీరే లెక్కపెట్టండి. ఇంటి టీవీకి పాత తీగెలు తగిలే రంధ్రాలున్నాయో లేదో ముందే చూసుకోండి. చూపించనంటే కొనకండి.

సంక్రాంతికి తండ్రి వచ్చాడు. పిల్లవాడు దుకాణం సంగతంతా చెప్పాడట. ఆయన పగలబడి నవ్వి, క్యాసెట్టు ఆడకపోతే తామంతా నోటితో ఊదేవారమని చెప్పాడు. నిజానికి ఊదితే నోటి తేమకు లోపలి రేకులు పాడవుతాయి. తీసి మళ్ళీ పెట్టడంవల్లే అది ఆడేది. ఆ రాత్రి అరుగుమీద వారిద్దరి మాటలు చాలాసేపు వినబడ్డాయని తల్లి మాతో చెప్పింది.

యంత్రం దొరకలేదన్న దిగులు వాడికి ఇంకా ఉంది. ఎనిమిది వందలూ అలాగే ఉన్నాయి. దూరదేశాల్లో కష్టపడే తండ్రులారా, మీరు చిన్నప్పుడు ఏమి ఆడారో ఈసారి వచ్చినప్పుడు మీ బిడ్డలకు చెప్పండి. మీ ఒక్క మాట కోసం వారు ఎన్నాళ్ళు పిక్కలు ఏరుతున్నారో మీకు తెలియదు.