పప్పు తింటే చీము పడుతుందా?

మా అక్కకి సిజేరియన్ అయిన ఎనిమిదో రోజు కుట్ల దగ్గర తడి కనిపించింది. అమ్మమ్మ వెంటనే తేల్చేసింది: "నిన్న పప్పు పెట్టారుగా, చీము పట్టింది!" ఇక పథ్యం ఇంకా బిగిసింది. కారప్పొడి అన్నం, కొలిచి ఇచ్చే నీళ్లు. ఒళ్లు వెచ్చబడితే "పాలు పడుతున్నాయిలే" అన్నారు. గాయం చూపించడానికి అక్కకి సిగ్గు. మర్నాడు బట్టలు మార్చుకోవడానికి సాయం చేస్తూ నేనే చూశాను. చుట్టూ ఎర్రగా, గట్టిగా ఉంది, వాసన వస్తోంది. లాప్‌టాప్ మూసేసి ఆటో పిలిచాను.

డాక్టరమ్మ రెండు కుట్లు విప్పి చీము తీసి, శాంపిల్ కల్చర్‌కి పంపారు. "పప్పుకీ చీముకీ సంబంధం లేదమ్మా. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు, పాలు పెట్టండి" అన్నారు.

చీము పుట్టేది తిండి వల్ల కాదు, గాయంలో చేరిన బ్యాక్టీరియా వల్ల. అది చాలాసార్లు మన చర్మం మీదదే. షుగర్, అధిక బరువు, రక్తహీనత ఉన్నా, ఉమ్మనీరు పోయాక చాలాసేపటికి ఆపరేషన్ జరిగినా ముప్పు ఎక్కువ. అందుకే కోత పెట్టడానికి ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. అయినా 30 రోజుల దాకా ఇన్ఫెక్షన్ రావచ్చు. అంటే చాలావరకు అది బయటపడేది ఆస్పత్రిలో కాదు, పుట్టింట్లో.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద 21.5 శాతం. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి గొడవో కాదు.

అమ్మమ్మ మీద నాకు కోపం లేదు. వాళ్ల చెల్లెలు కాన్పయిన పదో రోజు జ్వరంతో పోయిందట. కారణం ఎవరూ చెప్పలేదు. చేతిలో ఉన్నది పథ్యం ఒక్కటే, దాన్నే గట్టిగా పట్టుకున్నారు. డాక్టరమ్మ మాట విన్నాక మాత్రం గుడ్డు ఉడకబెట్టింది ఆవిడే.

అక్కకి మూడు వారాలు డ్రెస్సింగ్ నడిచింది. బిడ్డని ఎత్తుకోవాలన్నా నొప్పే.

మీ ఇంట్లో బాలింత ఉంటే ఇవి గుర్తుంచుకోండి: జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి, ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, కుట్లు విడిపోవడం. ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గాయం ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి. పసుపు, పౌడర్ అద్దకూడదు.

"పాప ఎలా ఉంది?" అని అందరం అడుగుతాం. "కుట్లు ఎలా ఉన్నాయి?" అని కూడా అడుగుదాం.