చచ్చి బతికే ఆట

ఉదయం అయిదున్నర. వేదాద్రిలో యోగానంద నరసింహస్వామి గుడి మైకు అప్పుడే గొంతు సవరించుకుంటోంది. కృష్ణమ్మ మీదుగా వచ్చే గాలిలో ఇంకా కాస్త చల్లదనం ఉంది. మరో మూడు గంటలాగితే ఎండ మాడు పగలగొట్టేస్తుంది. అందుకే బడి మైదానంలో పిల్లలు అప్పటికే నాలుగు చుట్లు పరుగెత్తేశారు.

కెనడాలో అయితే వేసవి సెలవుల్లో పిల్లలు ఐస్ హాకీ శిబిరాలకు వెళతారు. మనకు మంచు ఎక్కడిది? మట్టి ఉంది, కబడ్డీ ఉంది. వేసవిలో శాప్ శిక్షణ శిబిరాలు పెట్టడమూ ఏళ్ల తరబడి వస్తున్నదే.

ఆ గుంపులో ఓ అమ్మాయి. పదో తరగతి పరీక్షలు రాసింది. నాన్న మిర్చి రైతు. విజయవాడలో ఇంటర్ బ్రిడ్జి కోర్సుకు పంపేద్దామన్నాడు. ‘నెల్లాళ్లేగా, ఆడుకోనియ్యండి’ అని అమ్మ అడ్డుపడింది. చివరికి ఇద్దరూ ఓ మాట మీదికొచ్చారు... మూడు వారాలు ఆట, ఆ తర్వాత హాస్టలు.

కూతకు వెళ్తే ముప్ఫై సెకన్లలో ఇద్దరిని తాకి వచ్చేంత చురుకు ఆ పిల్లది. లోపమల్లా ఒక్కటే. ఔటైతే మట్టిని తన్ని, గీత బయట మొహం తిప్పుకుని కూర్చునేది. తోటివాళ్లు ఎదుటి జట్టులో ఒకరిని ఔట్ చెయ్యగానే, ‘వెళ్లవే, బతికావ్’ అంటే మళ్లీ లోపలికి దూకేది.

ఓ రోజు మాస్టారు ఆపారు.

‘‘అమ్మాయ్, ఇప్పుడు నిన్ను బతికించింది ఎవరు?’’

ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. చూస్తేగా!

‘‘ఇక నుంచి పేరు చెప్తేనే లోపలికి’’ అన్నారాయన.

చిన్న షరతే. కానీ అది అన్నిటినీ మార్చేసింది. పేరు చెప్పాలంటే ఆట చూడాలి. చూస్తుంటే ఎవరి మడమ పట్టు గట్టిదో, ఎవరు భయపడి వెనక్కి జరుగుతున్నారో తెలిసింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఓ బక్కపలచటి పిల్లే మూలన నిలబడి తనను ఎక్కువసార్లు బతికించిందనీ తెలిసింది.

మూడో వారం చివర్లో జగ్గయ్యపేట పిల్లలతో పోటీ. మనమ్మాయి ఔట్. లోపల ముగ్గురే మిగిలారు. అవతలి జట్టు రైడరు వచ్చింది. బక్కపిల్ల మడమ అందుకుంది, మిగతా ఇద్దరూ మీద పడ్డారు. సూపర్ ట్యాకిల్! రెండు పాయింట్లు. గీత బయట నుంచి అందరికన్నా ముందు ఆ బక్కపిల్ల పేరు పెట్టి అరిచింది మనమ్మాయే.

అయినా ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఏడుస్తున్న పిల్లల్ని మాస్టారు చుట్టూ కూర్చోబెట్టుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన మహిళల జట్టు ఇరాన్ చేతిలో 24-27తో ఓడింది. అయిదేళ్ల తర్వాత, 2023లో, హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీని 26-25తో ఓడించి స్వర్ణం తెచ్చుకుంది. ‘‘అదీ ఒక్క పాయింటేనర్రా!’’ అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే నాన్న మైదానానికి వచ్చాడు. పెట్టె సర్దమని చెప్పడానికి. మాస్టారింకా రాలేదు. కూతురు సున్నం డబ్బాతో కోర్టు గీతలు వేస్తోంది. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పక్కనే బక్కపిల్ల తాడు పట్టుకుని నిలబడింది.

‘‘నాన్నా, దీనికి పట్టు వచ్చుగానీ కూత రాదు. ఈ వారంలో నేర్పేస్తాను’’ అంది. ‘నేను ఆడతాను’ అనలేదు.

ఆయన కాసేపు ఆ తెల్లటి గీతల వంక చూశాడు. చెప్పులు విడిచి గట్టు మీద కూర్చున్నాడు.

‘‘సరేలేమ్మా... హాస్టలు ఎక్కడికీ పోదుగా!’’