కాలు పట్టిన చేయి

మన భాషలో కాలిని గూర్చిన పలుకుబడులు చిత్రమైనవి. "వాని కాళ్లు పట్టుకొంటిని" అన్నచో వేడుకొంటినని యర్థము. "వాని కాళ్లొత్తుచున్నాడు" అన్నచో మానమును అమ్ముకొన్నాడని యర్థము. పొరపాటున మన కాలొకరికి తగిలినచో వెంటనే వారిని తాకి చేతిని కన్నుల కద్దుకొందుము. పెండ్లిలో కన్యాదాత వరుని కాళ్లు కడుగును. చదువులో శిష్యుడు గురువు కాళ్లకు మ్రొక్కును. ఇంత గౌరవమును ఇంత నీచమును ఒక్క అవయవమునందే కూర్చిన వారము గనుక, ఒక ఆదివారమునాడు ముక్కు మొగ మెరుగని యువకుడొకడు మా కాలిని చేతిలోనికి తీసికొనగానే మేము దానిని చటుక్కున వెనుకకు లాగికొంటిమి. ఆనాడట్లు లాగికొనుటవలన మేము నేర్చుకొన్న పాఠమును చదువరులకు నివేదించుటయే యీ వ్యాసమునకు పని.

మేము లింగంపల్లిలో నొక యున్నత పాఠశాలయందు ఇరువది రెండేండ్లుగా తెలుగు చెప్పుచున్నాము. బడిపంతులకు నోటికన్న కాళ్లకే పని యెక్కువయను సంగతి పైవా రెరుగరు. ఉదయమునుండి నల్లబల్ల యొద్ద నిలిచి, సాయంకాలమునకు ఇల్లు చేరునప్పటికి మడమలు రాళ్లవలె బిగిసిపోవును. మొన్న సెప్టెంబరు 5వ తేదీని మా పూర్వశిష్యు డొకడు, ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉద్యోగి, మా యింటికి వచ్చి శాలువాకు మారుగా నొక కూపను చేతిలో పెట్టెను. గోపన్‌పల్లిలోని యొక స్పాలో ఇద్దరికి గంటసేపు పాదమర్దనము. "మాస్టారూ, మీరు మమ్మును బల్లమీద నిలువబెట్టిన దానికన్న మాకొరకు మీరు నిలిచినదే యెక్కువ" అని యతడనెను. ఆ మాటకు మేము కరగితిమి.

స్పా యను మాట వినగానే మా ఉపాధ్యాయుల గదిలో నవ్వులు పుట్టెను. ఒకరు దగ్గిరి, ఒకరు కన్ను గీటిరి. "అమ్మగారికి చెప్పియే పోవుచున్నారా?" అని యొక మిత్రుడడిగెను. పోలీసువారు కొన్ని చోట్ల దాడులు చేసిన వార్తలను పత్రికలలో చదివి, ఆ పేరుగల ప్రతి గడపను శంకించుట మనకు అలవాటైనది. దుష్టుడైన వర్తకుని పాపమును నిజాయితీగా పనిచేయు కూలివాని ముఖమునకు పూయుట న్యాయమా? వైద్యులలో మోసగాండ్రున్నారని మనము వైద్యశాలకు పోవుట మానితిమా? "చెప్పి పోవుట కాదు, వెంటబెట్టుకొనియే పోవుచున్నాము" అని మేము బదులు చెప్పితిమి. నవ్వు లాగిపోయెను.

గోపన్‌పల్లి శేరిలింగంపల్లి మండలములోనిది. ఒక ప్రక్క 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు బండరాళ్లు, పొదలు. మరియొక ప్రక్క అద్దాల మేడలు. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరువబడిన నాటికి నగరమునకు ఇది దూరపు పల్లె. ఇప్పుడు తండా కూడలియొద్ద 2024లో తెరచిన పైవంతెనమీద కార్లు బారులు తీరి పోవుచున్నవి. వంతెన దిగిన చోట కూరగాయల బండ్లు, మందుల అంగళ్లు, వాటి నడుమ స్పా పలకలు. అచట మాకొక వింత తోచెను. గంటకు 1,500 రూపాయలిచ్చి కాళ్లొత్తించుకొనువారిలో పెక్కురు దినమంతయు కూర్చుండువారు. దినమంతయు నిలుచుండు కావలివారును, వంటవారును, ఊడ్చువారును ఆ మెట్టెక్కరు. మేమైనను కూపను లేనిదే యెక్కియుండము.

లోపల చల్లదనము, సన్నని సంగీతము, నిమ్మగడ్డి వాసన. ఎదుట కూర్చున్న గుమాస్తా మాకొక కాగిత మిచ్చెను. ఒత్తిడి మెల్లగానా, నడితరముగానా, గట్టిగానా? రక్తపుపోటు కలదా? షుగరు కలదా? మాకు నాలుగేండ్లుగా షుగరు కలదు. అయినను మా గృహిణి ప్రక్కనుండగా, ఇతరులు చూచుచుండగా, ఆ గడిలో గీత పెట్టుటకు మనసొప్పలేదు. విద్యార్థులకు సత్యవాక్పాలనము బోధించు మేము ఆ గడిని ఖాళీగా విడిచి సంతకము చేసితిమి.

స్త్రీలకు స్త్రీలును, పురుషులకు పురుషులును సేవ చేయుట ఆ యింటి యేర్పాటు. మా గృహిణి తెరకు ఆవలి కుర్చీలో కూర్చుండెను. మా యెదుట నొక యువకుడు పొట్టి పీటమీద కూర్చుండి, వేడినీళ్ల తొట్టిలో నిమ్మచెక్కలును ఉప్పును వేసి, మా కాలిని చేతిలోనికి తీసికొనెను. మేము లాగికొన్నది అప్పుడే. అతడు చిన్నబుచ్చుకొనలేదు. ఇట్టివారిని పెక్కుమందిని చూచిన వానివలె చిరునవ్వు నవ్వి, హిందీలో "మొదటిసారియా?" యని యడిగెను. మరల చేయి చాచెను. ఈసారి మేము కాలినిచ్చితిమి.

అరికాలిని పొడివస్త్రముతో నద్ది, వ్రేళ్ల సందులు చూచి, మడమను వెలుతురునకు త్రిప్పి యతడాగిపోయెను. "షుగరు కలదా?" అని మెల్లగా అడిగెను. మాకు సిగ్గు వేసెను. కలదంటిమి. మడమ క్రింద నొక పగులు లోతుగా చీలి, అంచులు నల్లబడి యున్నది. అతడు దానిచుట్టు వ్రేలితో తాకి "నొప్పియా?" అనెను. లేదు. మాకు నొప్పి లేదు. నొప్పి లేకపోవుటయే రోగము. అతడు తొట్టిని ప్రక్కకు జరిపి, నీరు వలదని చెప్పి, ఆ పగులున్న కాలిని ముట్టక రెండవ కాలిని మాత్రము నూనెతో మెల్లగా ఒత్తెను. "రేపే డాక్టరుకు చూపుడు. మా తాతకు ఇట్లే మొదలై వ్రేలు తీసివేసిరి" అనెను.

మాటలలో అతని కథ కొంత తెలిసినది. మణిపురమునుండి వచ్చినవాడు. 2023 మే నెలలో అచట చెలరేగిన అల్లర్లలో ఇల్లు విడిచిన కుటుంబము. డిగ్రీ మధ్యలో ఆగినది. కాళ్లొత్తుట ఇంటిలో తాతకు చేయుచు నేర్చుకొన్నది. దినమునకు తొమ్మిది గంటలు ఆ పీటమీదనే. రొమ్మున తగిలించిన పేరు అతనిది కాదు. వచ్చువారికి నోరు తిరుగవలెనని యజమాని పెట్టినది. మేము చెల్లించు వెలలో అతని కెంత చేరునని యడిగితిమి. నవ్వి యూరకుండెను. "మరి నీ చేతుల నెవరొత్తుదురు?" అంటిమి. ఆ ప్రశ్న నెవరును అడిగియుండలేదు కాబోలు, అతడు తన బొటనవ్రేళ్లను ఒకసారి చూచుకొనెను.

శూద్రకుని మృచ్ఛకటికములో నొక సంవాహకుడు కలడు. పాటలీపుత్రమున గృహస్థుని బిడ్డ. దేశము చూడ వేడుకతో ఉజ్జయినికి వచ్చి, సరదాకు నేర్చిన మర్దనవిద్యను పొట్టకై పట్టుకొనవలసి వచ్చినందుకు నొచ్చుకొనును. జూదమున ఓడి, వసంతసేన దయవలన ఋణము తీరి, బౌద్ధ భిక్షువగును. తుదకు చచ్చినదనుకొన్న వసంతసేనకు ప్రాణము నిలిపినది ఆ కాళ్లొత్తిన వాడే. ఈ నాటకమును ఎన్నిసార్లు చదివితిమో! చారుదత్తుని త్యాగమును మెచ్చితిమి, వసంతసేన ప్రేమను మెచ్చితిమి. సంవాహకుని చేతులను తలంచిన జ్ఞాపకము లేదు. అవి మా కాలిమీద పడిన నాడు తలంచితిమి.

మా స్వగ్రామమున మా తాతగారికి ఒళ్లు పట్టిన ముసలి మంగలి కూడ ఆనాడే జ్ఞప్తికి వచ్చెను. నేడు నాయీబ్రాహ్మణులమని చెప్పుకొను వారి చేతిలో ఊరికి ఎన్ని పనులుండెను! క్షౌరము వారిది, కురుపు కోసి కట్టు కట్టుట వారిది, పెండ్లిలో సన్నాయి వారిది, పురుడు పోయుట వారి స్త్రీలది. నువ్వులనూనె కాచి తెచ్చి ఆ ముసలివాడు నడుమునొప్పిని దింపగా, తాతగారు "అబ్బ, ప్రాణము లేచి వచ్చినదిరా" అని మెచ్చుకొని, వెంటనే అంటు వదల స్నానము చేసెడివారు. ప్రాణము నిచ్చిన చేయి యంటు! వాని కూలి కళ్లములోని మేరగింజలు. వాని విస్తరి పందిటికి వెలుపల. తాతగారు దుర్మార్గులు కారు. ఆ చేతిని మనిషిగా చూడవలెనని వారికెవరును చెప్పలేదు. మాకందరును చెప్పిరి, అయినను కాలిని లాగికొంటిమి. దానిని వినయమనుకొంటిమి. ఒకని పని నీచమని లోన నమ్మకున్నచో దానిని గ్రహించుటకు సిగ్గెందుకు?

లేచి గుమాస్తా యొద్దకు వచ్చితిమి. గోడమీద నొక పెద్ద పాదపటము. బొటనవ్రేలున మెదడు, నడుమ మూత్రపిండము, ప్రక్కన కాలేయము. కాగితములో దాచిన మా రోగము మా మాటలలో బయటపడినది గదా, గుమాస్తా దానిని పట్టుకొని, ఈ చోట పదిసార్లు నొక్కించినచో షుగరు దిగునని, ఇది వేలయేండ్లనాటి ప్రాచ్యవిద్యయని, పది దినములకు కలిపి రాయితీ యిత్తుననియు చెప్పెను. మేము చదివిన చదువు ఇచట పనికివచ్చెను. అవయవములను పాదమున గుర్తించు ఈ పటము ఋషులది కాదు. అమెరికాలో విలియం ఫిట్జెరాల్డను చెవి ముక్కు గొంతు వైద్యుడు దేహమును మండలములుగా విభజించి 1917లో బవర్సను వానితో కూడి గ్రంథము వ్రాసెను. 1930ల కాలమున యూనిస్ ఇంగ్‌హామను స్త్రీ వానిని పాదమునకు దింపెను. దీనివలన ఏ రోగమైనను కుదురునని పరిశోధనలు నిరూపింపలేదు. అలసట తీరును, మనసు నెమ్మదించును, అంతియే. అది తక్కువ లాభమా? మన వాగ్భటుడు అష్టాంగహృదయమున నిత్యము నూనె రాచుకొనుమనియు, అందును తలకు, చెవులకు, పాదములకు విశేషముగా రాయుమనియు చెప్పెను. చరకసంహిత పాదాభ్యంగనమువలన మొరకుతనము, బిగువు, శ్రమ, తిమ్మిరి, పగుళ్లు పోవుననెను. షుగరు మాత్రను మానుమని వారెవరును చెప్పలేదు.

గృహస్థులకు రెండు మాటలు విన్నవించెదము. షుగరు నెమ్మదిగా పాదపు నరములను మొద్దుబార్చును. వేడియు, గాయమును తెలియవు. అట్టివారు ప్రతిరాత్రి అరికాలిని చూచుకొనవలెను, చూడరానిచో అద్దముంచుకొనవలెను. తొట్టినీటి వేడిని కాలితో కాక మోచేతితోనో, మరియొకరి చేతితోనో చూడవలెను. పుండున్న కాలిని ఒత్తింపరాదు. ఒక పిక్క మాత్రము వాచి, వేడెక్కి, నొప్పెట్టుచున్నచో మర్దనము కూడదు. లోన గడ్డకట్టిన రక్తము కదలి ఊపిరితిత్తులకు పోవచ్చును. అన్నిటికన్న ముందు, కాగితములోని గడిని మావలె ఖాళీగా విడువరాదు.

గుమాస్తాకు వందనము చేసి, పది దినముల బేరము వలదంటిమి. అతడు ఫోను చాచి, అయిదు నక్షత్రములిచ్చి నాలుగు మాటలు వ్రాయుమనెను. ముందు వచ్చినవారు వ్రాసినవి చూచితిమి. దీపములు బాగున్నవట, తేనీరు బాగున్నదట, బండి నిలుపుటకు చోటు లేదట. చేతిని గూర్చి వ్రాసినవా రొక్కరో యిద్దరో. మేము దీపములను విడిచి, ఆ యువకుడు మా పుండును కనిపెట్టిన సంగతి వ్రాసి, అతని పేరు, అనగా వారు పెట్టిన పేరే, చేర్చితిమి. అట్లు పేరు పడినచో జీతమునకు కొంత కలియునని తరువాత తెలిసినది. మరునాడు డాక్టరు పుండును చూచి, "ఇంకొక పక్షము ఉపేక్షించియున్నచో కష్టమయ్యెడిది, ఎవరు చూచిరి?" అనెను. చెప్పితిమి. మూడు వారములకు మానినది.

ఆ ఆదివారము ఆటోలో ఇంటికి వచ్చుచు మా గృహిణి చాలసేపు మాటాడలేదు. "నచ్చలేదా?" యని యడిగితిమి. "ఆ పిల్ల మాటిమాటికి 'నొప్పిగా నున్నదా? ఒత్తిడి చాలునా?' అని యడిగినదండీ. పెండ్లియైన నాటినుండి ఆ మాట నన్నెవరడిగిరా యని ఆలోచించుచున్నాను" అనెను. ఆమె నిష్ఠూరముగా ననలేదు, ఉన్నమాట యన్నట్లనెను. మేము ఇరువది రెండేండ్లు బడిలో నిలిచిన లెక్క చెప్పుకొంటిమి. ఆమె వంటింటిలో నిలిచిన లెక్క ఎవరు వేసిరి? ఆమె కూపను ఎవరు తెచ్చిరి?

ఆ రాత్రి భోజనములైన పిమ్మట నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, ఆమె కుర్చీయెదుట పీట వేసికొని కూర్చుంటిమి. కాలు పట్టుకొనగానే ఆమె చటుక్కున వెనుకకు లాగికొనెను. "అయ్యో, ఇదేమి! నాకు పాపము రాదా?" అనెను. మేము నవ్వి, ఆ యువకునివలెనే మరల చేయి చాచితిమి. కొంతసేపటికి ఆమె కాలినిచ్చెను. ఒత్తిడి చాలునా యని యడిగితిమి. ఇంకొంచెము గట్టిగా ననెను.

పావుగంటకే మా బొటనవ్రేళ్లు పీకసాగెను. ఆ పిల్లవాడు తొమ్మిది గంటలు చేయు పని యది.